సింగిల్ గాడి, డబుల్ గాడి

12 జూన్, మంగళవారం
సునీత అలిగి వాళ్ళక్క క్వార్టర్‌కి వెళ్ళిపోయాక ఇవాళే బండి బయటికి తీశాను. నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ మా సందు చివరే, నడిచిపోవచ్చు. అయినా పంజాగుట్ట దాకా పోయాను. రోజూ ఆ వేళకి తనని ఆఫీసు ముందు దింపే అలవాటు... గేటు దగ్గర ఆగి స్టాండు కూడా వేశాను. వాచ్‌మన్ నవ్వాడు — "మేడం ఎప్పుడో ఆటోల వచ్చింది సార్." సిగ్గేసింది.

14 జూన్
వాళ్ళక్క ఉండే ఎర్రమంజిల్ ఎంత దూరం? కూతవేటు. అదే బాధ.
అసలు గొడవేముంది. బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, వెళ్ళనా అంది. సరే అన్నాను. అంతే. "వెళ్ళొద్దనరు, నేనూ వస్తాననరు. సరే అంట! మీ సరేకి అర్థం ఏంటి?" అని ఒకటే ఏడుపు. జావా నాలా ఎవరూ చెప్పలేరని అమీర్‌పేటంతా పేరు. ఇంట్లో ఒక్క మాటకి అర్థం చెప్పలేకపోయాను.

17, ఆదివారం
బండి ఎగిరెగిరి పడుతోంది. గుంట వచ్చినప్పుడల్లా నడుము కలుక్కుమంటోంది. మెకానిక్ ఖాజా భాయ్ వంగి చూశాడు. "వెనక షాకులు డబుల్ మీదున్నయ్ అన్నా. ఒక్కనివే తిరుగుతున్నవ్ గదా, నడుము పోతది. సింగిల్ గాడిల వెయ్యాల్నా?"
సరే అన్నాను.
పానాతో షాక్ అబ్జార్బర్ స్ప్రింగుల కింద రింగు తిప్పి, ఒక్కరి బరువుకి సరిపోయే గాడిలో పెట్టాడు. వెనక టైరులో గాలి కాస్త తీశాడు. పనిలో పనిగా వెనక ఫుట్‌రెస్టులు కూడా మడిచేశాడు.

19
బండి మెత్తగా పోతోంది. ఛీ.

22, శుక్రవారం
వాన. పంజాగుట్టలో రోడ్డంతా తవ్వి పెట్టారు, ఆటో ఒక్కటీ ఆగడం లేదు. ఆఫీసు గేటు దగ్గర సునీత తడుస్తూ నిలబడి ఉంది. ఆగాను. ఏమీ అనకుండా ఎక్కేసింది! భుజం మీద చెయ్యి, ఎప్పట్లాగే. ఏడుపొచ్చినంత పనైంది. తిన్నగా ఇంటికే తీసుకుపోదామనుకున్నా...
కాలితో ఫుట్‌రెస్టు కోసం వెతుక్కుంది. మడిచి ఉంది. వంగి తెరిచాను. మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర బండి వెనక దభాల్న కుంగింది, మడ్‌గార్డు టైరుకి రాసుకుంది. భుజం మీద చెయ్యి తీసేసింది.
"సింగిల్‌కి మార్పించేశారా?"
"నడుం నొప్పిగా ఉంటే..."
"సరే."
నా మాట నాకే అప్పజెప్పింది. క్వార్టర్ల దగ్గర దిగిపోయింది. వాళ్ళక్క గొడుగు పట్టుకుని, "లోపలికి రండి, తడిసిపోయారు" అంటున్నా వినకుండా వచ్చేశాను.

23
పెళ్ళయిన కొత్తలో ఖాజా భాయ్ చేత డబుల్ పెట్టించాను. తను పక్కనే ఉంది. "ఇంక దీన్ని మార్చే పనుండదు భాయ్" అని గొప్పగా అన్నాను. తను నవ్వింది. నేను మర్చిపోయాను, తను మర్చిపోలేదు.
పొద్దున్నే వెళ్ళి మళ్ళీ డబుల్ వేయమన్నాను. "వదిన వచ్చేసిందా అన్నా?" అని ఖాజా భాయ్‌కి ఒకటే సంబరం. పాత పానా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఇలాంటి పని ఇంకొకరి చేత చేయించకూడదు.

26
ఒక్కణ్ణే. డబుల్ మీద. నడుము విరుగుతోంది. విరగనీ.

29, శుక్రవారం
సునీత ఫోను. "ఆదివారం బెంగుళూరు వెళ్తున్నాను. కాచిగూడ స్టేషన్‌కి దింపుతారా? సూట్‌కేసు ఒక్కటే, మధ్యలో పెట్టుకుంటాను."
ఆటోలో పోవచ్చుగా. నన్నెందుకు అడిగినట్టు? అయినా సరే అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసి, "రేపు చెప్తాను" అన్నాను.
"సరే అనలేదేంటి?" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

30, శనివారం
వెనక టైరుకి గాలి కొట్టించాను. ఫుట్‌రెస్టులు తెరిచి తుడిచాను. షాకులు చివరి గాడి దాకా నేనే తిప్పాను, చేతులు కొట్టుకుపోయాయి. ఇద్దరం, ఒక సూట్‌కేసు. వెళ్ళేటప్పుడు బండి మోస్తుంది.
వెళ్ళొద్దు అననా? నేనూ వస్తాను అననా?
ఇంకా ఫోన్ చేయలేదు. పానా బల్ల మీదే ఉంది. తిరిగొచ్చేటప్పుడు సింగిల్‌కి తిప్పుకోడానికి దాన్ని కూడా తీసుకెళ్ళాలా, ఇక్కడే వదిలేయాలా...