బెల్టు జారుతుందని

మంగళవారం, రాత్రి

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

పొద్దున కోదాడలో, ప్రైవేటు ఆసుపత్రి కాన్పు గదిలో అక్క కూతురు శ్రావణి పక్కనే ఉన్నాను. బిడ్డ గుండె చప్పుడు చూసే బెల్టు పొట్టకు కట్టి, గంటన్నర వెల్లకిలా పడుకోబెట్టారు. నడుము విరిగిపోతోంది, పక్కకు తిరుగుతానని శ్రావణి ఏడ్చింది.

"కదిలితే బెల్టు జారిపోద్దమ్మా. మళ్లీ నేనే కట్టాలి" అంది నర్సు.

మిషన్ మీద అంకె నూట నలభై నుంచి తొంభైకి పడింది. ఆపరేషన్‌కు సంతకం చేయించాలని నర్సు కాగితాల కోసం పరుగెత్తింది. నేల తుడుస్తున్న ఆయా యాదమ్మ లేచి వచ్చింది.

"ఎడమ పక్కకు ఒరుగు బిడ్డా. ఎల్లకిల పండుకుంటే బరువంతా పెద్ద నరం మీద పడతది, లోపలున్నదానికి గాలాడదు. పాత డాక్టరమ్మ గిట్లనే తిప్పేది."

ఇద్దరం కలిసి తిప్పాం. అంకె మెల్లగా నూట ముప్పైకి ఎక్కింది.

తిరిగొచ్చిన నర్సు, "నువ్వెప్పుడు డాక్టరయ్యావే?" అంది యాదమ్మను.

మధ్యాహ్నం ఆపరేషన్ లేకుండానే ఆడపిల్ల పుట్టింది. బాగుంది. కేస్ షీట్‌లో మాత్రం గుండె చప్పుడు దానంతటదే కుదుటపడిందని రాశారు. దానంతటదేనట!

నేను పనిచేసే పేపర్లో ఇదంతా రాస్తానంటే యాదమ్మ దండం పెట్టింది. "నా పేరు రాయకు మేడం, పనిలకెళ్లి తీసేస్తరు."

పేపర్లో ఆమె పేరు రాయను. సాక్షిగా నా పేరే రాయాలి. అప్పుడు ఇదీ రాయాలి: శ్రావణి తిరుగుతానన్న ప్రతిసారీ భుజం పట్టుకుని, "కదలకు, నర్సు చెప్పినట్టు విను" అన్నది నేనే.