అడక్కుండా తుడిచేసేది

అక్బూ

ప్రియమైన మీకు,

బాగున్నారా అని అడగడానికి నోరు రావట్లేదు. మిమ్మల్ని ఆ ఎడారి జైలుకి మార్చాక అక్బూ నుంచి తిండి బుట్ట పట్టుకుని రావడం నా వల్ల కావట్లేదు. నేను చేరేసరికి కెస్రా రొట్టెలు అట్టముక్కలవుతున్నాయి. అందుకే ఇక ఉత్తరాలే.

మన కంప్యూటర్‌కి జబ్బు చేసింది. మీరు తయారుచేసిన పరీక్ష పేపరు ఇందులోంచే బయటికి పోయిందని పోలీసులు పట్టుకెళ్లి, చూసుకుని, మళ్లీ తెచ్చి పడేశారు కదా. మీరు ఇంట్లో ఉన్నప్పుడే నత్తలా నడిచేది. ఇప్పుడు దానంతటదే ఏవేవో తెరుస్తోంది, మూస్తోంది. కాలేజీ పిల్లల థీసిస్‌లు టైపు చేస్తేనే మాకు పూట గడుస్తోంది, ఇదీ పోతే ఏం చేయను?

తసాదిత్ యాంటీవైరస్ వేద్దామమ్మా అంటోంది. ఉచితంగా దొరికేది ఒకటుందట, ప్రతిదానికీ ఉంచాలా తీసేయాలా అని అడుగుతుందట. కొనేది ఇంకోటి, అది ఏమీ అడగదట. బజారులో దొంగ డిస్కులు సరేసరి. మీ కూతురికి పదహారేళ్లకే మీ తెలివి వచ్చింది, కానీ నాకు మీ మాటే కావాలి. ఏది వేయమంటారు?

మీ
జౌహర్

*

ప్రియమైన జౌహర్‌కి,

నీ ఉత్తరం విప్పి, చదివి, మడతపెట్టి ఇచ్చారు. ఇక్కడి గుమాస్తాకి అందరి సంసారాలూ తెలుసు. మొన్న నన్ను ఆపి, "మాస్టారూ, ఇంతకీ ఏది వేయమంటారు?" అని అడిగాడు. చాలా రోజులకి నవ్వొచ్చింది.

బజారు డిస్కు జోలికి పోకు. ఉచితంది మంచిదే, నీకు మాత్రం పనికిరాదు. గ్యాస్ వాసన వచ్చిందేమోనని వీధి వీధంతా లేపిన మనిషివి నువ్వు. అది అడిగే ప్రతి ప్రశ్నకీ హడలి చస్తావు. కొనేదే వేయి, అడక్కుండా తుడిచేసేది.

ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ని, పేపర్లు అమ్ముకునేవాణ్ని కాదు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పాలనిపిస్తుంది. నువ్వు నమ్మావు గనకే ఇక్కడ నాకు ముద్ద దిగుతోంది.

నీ
మొక్రాన్

*

ప్రియమైన జౌహర్,

వెనకటి ఉత్తరంలో రాసిందంతా మరిచిపో. కంప్యూటర్ ఆపేయి, వైరు పీకేయి. యాంటీవైరస్ ఏదీ వేయొద్దు.

వకీలు బెల్‌కాసెం గారు వచ్చారు. మాటల్లో మాటగా నీ ఉత్తరం సంగతి చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు. "ఏమయ్యా, జైలుకొచ్చే ముందు నుంచే ఆ జబ్బు ఉంటే ఈ ముక్క ఇప్పుడా చెప్పేది?" అని తిట్టారు. పేపరు పంపింది ఆ వైరసే కావచ్చట. అది లోపల ఉండగా నిపుణుడు చూసి కోర్టుకి చెబితే నేను ఇంటికొచ్చేస్తాను.

ఇక నాకున్న సాక్షి అదొక్కటే. పసిపిల్లలా చూసుకో. అత్తిపండ్లు ఉండగానే వస్తానేమో.

నీ
మొక్రాన్

*

అక్బూ

ప్రియమైన మీకు,

ఆ ఉత్తరం ఈ ఆదివారం అందింది. మీరు ఎప్పుడు రాశారో, ఆ గుమాస్తా బల్ల మీద ఎన్నాళ్లు పడి ఉందో తెలియదు. నేను గురువారమే వేసేశాను.

కొనేదే వేశాను, మీరు చెప్పిందే. అది దాని పని కానిచ్చి, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చూపించింది. ఫైళ్లు దొంగిలించి బయటికి పంపే వైరస్ ఉండేదట, పూర్తిగా తీసేసిందట. తసాదిత్ చప్పట్లు కొట్టింది. నేను ఆ అక్షరాలే మళ్లీ మళ్లీ చదివాను.

వకీలు గారు ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చి చూశారు. వైరస్ పేరొక్కటే మిగిలిందన్నారు. అది ఏం పంపిందో, ఎవరికి పంపిందో తేల్చాలంటే అదే ఉండాలట. నా కళ్లతో చూశాను, నేనొచ్చి చెబుతాను అన్నాను. "భార్య కాకపోతే ఇంకెవరు చెబుతారు అంటుందమ్మా కోర్టు" అని ఆయన చెప్పులేసుకున్నారు.

మీ దగ్గర ఇంకా దాచి లాభం లేదు. నమ్ముతున్నానని ఇన్నాళ్లూ అన్నాను గానీ, నమ్మలేదు. ఆ ఏడాది ఇంటి పైన ఇంకో గది వేద్దామని ఊదరగొట్టారు, ఆ డబ్బు కోసమే పేపరు అమ్మేశారనుకున్నాను. అనుకుంటూనే రొట్టెలు కాల్చాను, బుట్టలు మోశాను, అద్దం అవతల మిమ్మల్ని చూసి ఏడ్చాను. మీరు ఏ పాపమూ ఎరగరని గురువారం తెలిసింది నాకు. అది పోయాక తెలిసింది.

ఇప్పుడు నిజంగా నమ్ముతున్నానండీ. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

మీ
జౌహర్