తెర పక్కన జీడిపప్పు

బుధవారం

పూండిలో తీసిన పెళ్లి ఫొటోలను బావ, అంటే మా ఆయన, మూడు రోజులుగా తన పాత లాప్‌టాప్‌లో దిద్దుతున్నాడు. రేపే ఆల్బమ్ అచ్చుకు వెళ్లాలి. నమూనాగా వేయించిన ఫొటోలో పెళ్లికూతురి ముఖం నీలంగా వచ్చింది. తప్పంతా ప్రింటు వాళ్లదేనని ఫోన్‌లో గొడవపడ్డాడు.

నాకు మాత్రం తెరే పసుపుగా కనిపించింది. పలాసలో రోజంతా జీడిపప్పు ఏరే కళ్లు కదా, తెల్ల పప్పులో కాస్త రంగు తిరిగినది కలిస్తే చెయ్యి దానంతటదే ఆగుతుంది. కానీ బావ పనిలో తప్పుందని ఎలా చెప్పను? డబ్బాలోంచి ఒక తెల్ల పప్పు తెచ్చి, తెర మీద పెళ్లికూతురి మధుపర్కానికి ఆనించి పట్టుకున్నాను.

"ఏటే, లాప్‌టాప్‌కి నైవేద్యం పెడతన్నావేటి?" అని నవ్వాడు.

"తెలుపు సూడు బావా."

నవ్వు ఆగిపోయింది. వైరు తెచ్చి లాప్‌టాప్‌ను కొత్త టీవీకి కలిపాడు. అందులో మధుపర్కమూ, ముఖమూ ప్రింటులో లాగే నీలంగా ఉన్నాయి.

"తెర ముసలిదైపోనాదే! దాని పసుపు ఫొటోదనుకుని సగం పోగొట్టి, మిగిలిందే తెలుపనుకున్నాను, పిల్లకేమో నీలం పూసేసినాను!"

రోజూ చూస్తూ ఉంటే పసుపు కూడా తెలుపైపోతుందా? మరి నా కళ్లకు అలా ఏమేం అలవాటైపోయాయో...

బావ టీవీలో చూసుకుంటూ రంగులన్నీ మళ్లీ దిద్దుతున్నాడు. ఫొటో ఫొటోకీ "ఇలా సూడే, తెల్లగున్నాదా?" అని నన్ను అడుగుతున్నాడు. పెళ్లయ్యాక తన పనిలో నన్ను ఒక మాట అడగడం ఇదే మొదలు.

ఆ పప్పును నేను డబ్బాలో వేయబోతే వద్దని, టీవీ ముందే పెట్టించుకున్నాడు.