మావయ్య అరగంట

మార్చి 3
మావయ్య వాచీ ఆగిపోయింది. పీడా విరగడైంది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ రెండు టైములతో చస్తున్నాను. మనవాళ్ళు రబ్బరు పనికొచ్చిన ఈ దేశంలో ఎప్పుడో సర్కారు గడియారాలన్నీ అరగంట ముందుకి జరిపినప్పుడు మావయ్య ఒక్కరే తన వాచీ జరపలేదు. అప్పుడు బటాంగ్ బెర్జుంటై ఎస్టేట్లో రబ్బరు గీసేవాళ్ళ మీద మండోరు, అంటే మేస్త్రీ. ఇప్పుడు ఎస్టేటూ లేదు, రబ్బరూ లేదు. అరగంట మాత్రం ఉంది. ఒంటిగంటకి వడ్డిస్తే, "ఇంకా పన్నెండున్నరే కదమ్మా" అంటారు. చల్లారిన కూర మళ్ళీ పొయ్యెక్కాలి... రోజూ.

మా చెల్లి పెళ్ళికీ అంతే. ఆ వాచీ చెప్పేదాకా కారెక్కలేదు. మేం హాలు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల తాళి కట్టేశారు. మర్చిపోతానా!

మార్చి 5
"పాతదానికి అంత కర్సెందుకు లా, కొత్తది కొనీ" — మా ఆయన. కొనడానికి వెళ్ళేదీ నేనే, తిట్లు తినేదీ నేనే.

క్లాంగ్ టౌన్లో వాచీలు బాగుచేసే చీనా తాతకి చూపించాను. లోపల నూనె ఎండిపోయిందట. స్ప్రింగు తెగిందట. ఇంకో పాత వాచీలోది తీసి వెయ్యాలట. ఆయన చెప్పిన రేటుకి కొత్తవి రెండొస్తాయి. పోనీ అమ్మేస్తే ఎంతిస్తావన్నాను. నవ్వాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

బాగుచేయించను. నాకేం పట్టింది?

మార్చి 6
"టైమెంతమ్మా?" పొద్దుట్నుంచీ ఇదే. గోడ గడియారం ఆయన కంటికి ఆనదు. తొమ్మిదంటాను. "అయితే ఎనిమిదిన్నర" — నేను చెప్పిన దాంట్లోంచే కోత! ఒళ్ళు మండిపోయింది.

"తొమ్మిదంటే తొమ్మిదే మావయ్యా! మీ ఒక్కరికీ వేరే సూర్యుడు లేడు."

"సూర్యుడు మారనేదమ్మా. గడియారమే మార్సినారు."

గడియారం జరిపాక ఇంకా చీకట్లోనే హాజరుకి పిలిచేవాళ్ళట. కనబడక కత్తి లోతుగా దిగితే, చెట్టు పాడుచేశావని జీతంలో కోత. అత్తయ్యకీ పడింది. కోత వేయాల్సింది మండోరు... అంటే ఈయనే. "మా అరగంట తినేసినారు" అన్నారు, నా వైపు చూడకుండా.

మరి నా అరగంటలు ఎవరు తిన్నట్టు? అడగాల్సింది.

మార్చి 9
టైము అడగడం మానేశారు.

మార్చి 10
ఒంటిగంటకి పిలిచాను. వచ్చి తిన్నారు. పన్నెండున్నర అనలేదు. కూరలో ఉప్పెక్కువైనా అనలేదు. చెయ్యి కడుక్కుని, ఆగిపోయిన వాచీ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే కదా! మరి నాకెందుకింత మంట? ఒక మాట అనొచ్చుగా. కంచం తోసెయ్యొచ్చుగా. ఇలా లొంగిపోయేదానికా ఇన్నేళ్ళు నన్ను ఏడిపించింది?

మార్చి 11
చీటీ డబ్బు తీసుకుని క్లాంగ్ వెళ్ళాను. మా ఆయనకి చెప్పలేదు. తెలిస్తే "బుద్ధుందా" అంటాడు. లేదు. కోపంతోనే వాచీ బాగుకిచ్చి వచ్చాను, ప్రేమా గీమా ఏం లేదు.

మార్చి 24
వాచీ వచ్చింది. నడుస్తోంది. చీనా తాత ముఖం వెలిగిపోతోంది — "ఆంటీ, ముల్లు ఆగిన చోటే ఉండిపోయింది. రైట్ టైము పెట్టేశాను. దానికి డబ్బులొద్దు లా."

దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. ఎవర్నో నాకే తెలీదు.

ఇలాగే ఇచ్చేస్తే సరి. కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తారు, అదే తన టైమనుకుంటారు. నా అరగంట నాకొచ్చేస్తుంది. వేడన్నం వేడిగానే వడ్డిస్తాను. ఎవరికీ తెలీదు. నేను ఇచ్చానంటే నమ్ముతారు... ఆ నమ్మకమే నన్ను కాల్చుకు తింటోంది.

గోడ మీద ఒంటిగంట. అన్నం దించాను. వంటింట్లో నిలబడి రాస్తున్నాను, వాచీ నా గుప్పిట్లో. హాల్లో మావయ్య ఎడం చెయ్యి ముందుకి చాపి కూర్చున్నారు, నేనొచ్చి కట్టాలని.

"టైమెంతమ్మా?"

మళ్ళీ అడుగుతున్నారు.