కాలువ బడిలో పదో పేరు

సుష్మ బాపుకు జ్యోతిరాణి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, సుష్మ, అత్తమ్మ బాగున్నాం. మీరు ఎండలో జాగ్రత్త. ఫోన్లో చెప్పలేని సంగతి ఒకటుంది. అందుకే మస్కట్ తిరిగి వస్తున్న లింబయ్యన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పసుపు ఉడకబెట్టడం అయిపోయింది. అత్తమ్మ మోకాళ్ల నొప్పులంటూనే ఊరంతా తిరుగుతోంది.

మనూరి రెండు సర్కారు బళ్లలో ఏది మంచిదని పోయిన ఉత్తరంలో అడిగారు. రోడ్డవతలి పెద్ద బడికి కొత్త రంగు, గేటు ఉన్నాయి. సారు మాత్రం ఫోన్లోంచి తల ఎత్తడు. మన కాలువ గట్టు బడి ఒక్కటే గది, వానొస్తే కురుస్తుంది. పిల్లలు సుష్మతో కలిపి పదిమంది. కానీ కృష్ణ సారు దగ్గర రెండో తరగతి పిల్ల కూడా పేపరు చదివేది. మంచిది అదే. అయినా సుష్మను పెద్ద బడిలో వేశాను.

ఎందుకో చెబుతాను, తిట్టుకోండి. దసరా తర్వాత తల్లుల మీటింగులో కృష్ణ సారు అందరి ముందు, "అక్కా, సుష్మకు ఇంక అక్షరాలే వస్తలేవు. సంజన పక్కన కూసోబెట్టిన, గా పిల్లనే నేర్పిస్తది" అన్నాడు. మన చేనుకు కూలికొచ్చే దేవవ్వ మనవరాలు నా బిడ్డకు చదువు చెప్పడమా! ఒళ్లు మండింది. పదిమందికి ఒక్కరు తగ్గినా బడి ఎత్తేస్తారని తెలుసు. పిల్లల్ని లెక్కపెట్టడానికి ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే వెళ్లి టీసీ అడిగాను.

"ఒక్క దినం ఆగు అక్కా, దండం పెడుత" అన్నాడు సారు. ఆగలేదు. ఆయన ముఖం చూసి సంతోషపడ్డాను కూడా.

నెల తిరగకుండా బడికి తాళం పడింది. ఆఫీసువాళ్లు మూశారని మాత్రం చెప్పి, నా పేరు ఎత్తకుండా సారు బదిలీ మీద వెళ్లిపోయాడు. మిగతా తొమ్మిదిమందీ చెరుకు ట్రాక్టర్లు తిరిగే రోడ్డు దాటి పెద్ద బడికి పోవాలి. సుష్మను నేను చెయ్యి పట్టి దాటిస్తాను. దేవవ్వ పొద్దున్నే కూలికి పోతుంది కాబట్టి సంజన ఒక్కతే దాటేది. పోయిన నెల ట్రాక్టర్ కింద పడింది. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో మోకాలి దాకా కాలు తీసేశారు.

నిన్న దేవవ్వ ఆ పిల్ల పలక, పుస్తకాలు తెచ్చింది. "మా పిల్ల ఇంక బడికేం పోతది? సుష్మకియ్యి బిడ్డా. నువ్వు ముందుగాలనే తెలివిగ పెద్ద బడిల ఏసినవు" అంది. నేను పలక తీసుకున్నాను.

సుష్మకు ఇప్పటికీ చదవడం రాదు. సంజన దగ్గరికి పోతానని రోజూ ఏడుస్తుంది. కాలు చూస్తే జడుసుకుంటుందని చెప్పి పంపడం లేదు. భయం బిడ్డది కాదు, నాది.

ఇట్లు,
మీ సుష్మ తల్లి