ప్చ్ లేని నిమిషం

సోమవారం
సినిమాలకు శబ్దం పట్టే పని నేర్పుతారని తెలిసి, వారం రోజుల శిక్షణలో చేరాను. చివర్లో మాస్టారు ఒక్కరినే తన స్టూడియోలో అసిస్టెంటుగా తీసుకుంటారట. ఆ ఒక్కరు ఎవరో క్లాసును చూడగానే తెలిసిపోయింది. ఒకడు హెడ్‌ఫోన్స్‌ని నగలా మెడలో వేసుకుని తిరుగుతాడు, చెవులకు మాత్రం పెట్టడు. ఒకామె మైకు కనిపిస్తే చాలు, "హలో హలో" అంటుంది. జాలేసింది. బట్టల కొట్లో మడతలు పెట్టే బతుక్కి ఇక సెలవు!

మంగళవారం
మొదటి పాఠం: గదిలో నిమిషం పాటు మౌనంగా కూర్చుని, ఆ మౌనాన్ని రికార్డు చేయాలి.
"ఎవరు పోయారండీ?" అన్నాను. నేను తప్ప ఎవరూ నవ్వలేదు.
ప్రతి గదికీ తనదైన మౌనం ఉంటుందట. మాటల మధ్య అతుకులు తెలియకుండా దాన్ని పరుస్తారట. నోరు మూసుకోవడానికీ ఒక కోర్సు.

బుధవారం
నా రికార్డింగు అందరికీ వినిపించారు. ఫ్యాను. దూరంగా బస్సు. "ప్చ్." కాసేపాగి మళ్లీ "ప్చ్."
"ఎవరమ్మా ఇది?" అన్నారు మాస్టారు.
మెడ నగవాడి పనే అన్నాను. వాడు నిన్న రానే లేదట.
హలో హలోది మాత్రం శుభ్రంగా వచ్చింది. మెదడు ఖాళీగా ఉంటే మౌనం సులువే.
తీర్మానం: ఇక ప్చ్ అనను.

గురువారం
నోట్లో లవంగం పెట్టుకుని కూర్చున్నాను. రికార్డింగులో లవంగం నమిలిన చప్పుడూ ఉంది, ప్చ్ కూడా ఉంది. మాస్టారు చొక్కా బొత్తాం తప్పు కాజాలో పెట్టుకుని ఎదురుగా నిలబడితే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

శుక్రవారం
వెళ్లలేదు. గొంతు బాగాలేదు.
"మౌనానికి గొంతెందుకే?" అన్నాడు మా ఆయన. కళ గురించి ఈయనకేం తెలుసు.

శనివారం
మాస్టారు ఫోన్ చేశారు. మా ఇంటి మౌనం ఒక నిమిషం పట్టుకెళ్లాలి. ఇదే ఆఖరి అవకాశం.
కోర్సు కోసం కొన్న మైకు హాల్లో పెట్టి కూర్చున్నాను. తర్వాత విన్నాను. గడియారం. వంటింట్లో కుళాయి. గిన్నెలు కడుగుతూ మా అమ్మాయి కూనిరాగం. ఈ పిల్ల ఇంత బాగా పాడుతుందా? రాగం పైకి వెళ్లి కాస్త జారింది. "ప్చ్." ఆ తర్వాత కుళాయి ఒక్కటే.
"ఎందుకాపేశావే?" అని అడిగాను.
"నువ్వు ప్చ్ అన్నావుగా అమ్మా. ఎప్పుడూ అక్కడే ఆపేస్తాను."
మనసు చివుక్కుమంది.

సోమవారం
ఉద్యోగం హలో హలోకి వచ్చింది. నేను ఏమీ ఇవ్వలేదు, మైకు పాడైందన్నాను. రేపటి నుంచి మళ్లీ మడతలే.
సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర మైకు పెట్టాను. ఇది మాస్టారి కోసం కాదు. అమ్మాయి రాగం ఎత్తుకుంది. జారే చోటు వచ్చింది. పళ్లు బిగబట్టాను. ఈసారి దాటేసింది, ఇంకా పైకి వెళ్లింది. నా కళ్లు చెమర్చాయి.
"ఇంతకీ ఆన్ చేశావా?" అన్నాడు మా ఆయన.
చేయలేదు.
"ప్చ్" అన్నాను.
రాగం ఆగిపోయింది.
"నిన్ను కాదే తల్లీ, నన్నే" అంటూ వంటింట్లోకి పరిగెత్తాను. అప్పటికే కుళాయి కట్టేసి పెరట్లోకి వెళ్లిపోయింది.
రేపటి నుంచి మళ్లీ మొదలు.