పాత అని రాస్తే పాట అయింది

గురువారం, ఆగస్టు 1999

మా పేటలోని మలంచా కంప్యూటర్ సెంటర్లో మన ఫైలు ఎవరైనా కాపీ చేసుకుంటే మనకు పాయింట్లొస్తాయి. పాయింట్లు ఎక్కువున్నవాళ్లకే నెట్ లైను వేగంగా దొరుకుతుంది. ఇవాళ నా పాయింట్లు ఒక్కసారిగా నలభై దాటితే మురిసిపోయాను.

ఇంతలో పక్క సీట్లోని లక్ష్మి చెవిలో అడిగింది. "ఏటే, మా అన్నయ్యంటే నీకంత ఇష్టమేటే?"

అప్పుడర్థమైంది. టైపు చేసుకున్న నా పాత డైరీకి ఇంగ్లీషు అక్షరాల్లో 'పాత' అని పేరు పెట్టి, పొరపాటున అందరికీ కనిపించే ఫోల్డర్లో ఉంచాను. ఇంగ్లీషులో త, ట ఒకటే కదా! అందరూ 'పాట' అనుకుని కాపీ చేసుకున్నారు.

"మీ అన్నయ్య చూడలేదు కదే?"

"అందరికన్నా ముందు కాపీ చేసినాడు."

"చదివి ఏమన్నాడు?"

"ఫ్లాపీలో ఏసుకుని ఇంటికి పట్టుకెళ్లినాడే."